పాట మూగబోయిన మఠము

బైబిలు మీ చేతికి అందేటట్లు ఉంటే రెండు కీర్తనలు తీసి పెట్టుకోండి. ఒకటి 150వ కీర్తన. అందులో బూరలు, తంత్రీవాద్యాలు, తాళాలు అన్నీ ఒక్కసారిగా మ్రోగుతాయి. రెండవది 137వ కీర్తన. అందులో అదే దేవుని ప్రజలు పరాయి దేశంలో నది ఒడ్డున కూర్చుని ఏడుస్తారు. వాద్యాలు చెట్లకు వ్రేలాడుతుంటాయి. పాడమని అడిగినా వారికి గొంతు పెగలదు. ఈ రెండు కీర్తనలకు మధ్య నలిగిపోయిన ఒక మఠం గురించి, ఆ మఠాన్ని ఏలిన ఒక ముసలి తల్లి గురించి ఈరోజు మీతో మాట్లాడాలనుకుంటున్నాను.

అది జర్మనీ దేశం. రైన్ నదిలో నాహె అనే నది వచ్చి కలిసేచోట బింగెన్ అనే పట్టణం ఉంది. దానికి ఎదురుగా రూపెర్ట్స్‌బెర్గ్ అనే కొండ. ఆ కొండ మీద బెనెడిక్టు సభకు చెందిన కన్యస్త్రీల మఠం ఉండేది. సంవత్సరం 1178. ఆ మఠపు సమాధుల తోటలో ఒక గొప్ప కుటుంబపు పురుషుని పాతిపెట్టారు. ఆ మనిషిని ఒకప్పుడు తిరుసభ వెలివేసింది. ఆ మాట నిజమే. అయితే చనిపోకముందు అతడు పశ్చాత్తాపపడ్డాడు, పాపసంకీర్తనం చేశాడు, అవస్థ అభ్యంగనం పొందాడు, దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు. గురువు దగ్గరుండి సమాధి ప్రార్థనలు జరిపించాడు. అంతా పద్ధతి ప్రకారమే జరిగింది.

కొద్ది రోజులు గడిచాయో లేదో మైన్జ్ పట్టణంలోని మేత్రాసనపు పెద్దల నుంచి కబురు వచ్చింది. వెలివేసినవాడు పవిత్ర భూమిలో ఉండటానికి వీలులేదు, శవాన్ని త్రవ్వి బయట పారవేయండి, లేకపోతే మీ మఠానికి నిషేధాజ్ఞ అన్నారు. నిషేధాజ్ఞ అంటే ఏమిటో మీకు చెప్పాలి. దివ్యపూజ ఉండదు, సత్ప్రసాదం ఉండదు, గంట మ్రోగదు. రాత్రింబవళ్ళలో ఎనిమిది మార్లు గుడిలో చేరి కీర్తనలు పాడటమే ఆ కన్యస్త్రీల బ్రతుకు. ఇక ఆ పాట ఉండకూడదు. ప్రార్థనను తగ్గు స్వరంతో చదువుకోవాలి, అంతే.

ఆ మఠానికి తల్లి హిల్డెగార్డ్. మన ఊళ్ళలో అయితే హిల్డెగార్డమ్మ అని పిలిచేవారు, నేనూ అలాగే అంటాను. ఆమెకు అప్పటికి 80 ఏళ్ళు. జీవితమంతా జబ్బులతోనే గడిచింది. ఆమె ఏం చేసిందో వినండి. శవాన్ని తీయలేదు. ఎవరైనా వచ్చి తీసుకుపోతారేమోనని, తన చేతికర్రతో ఆ సమాధి గుర్తులను చెరిపివేసి, నేలతో నేలగా కలిపివేసిందని చెబుతారు. అటు తరువాత గుడిలోకి వెళ్ళి, తన బిడ్డలను పాడవద్దని చెప్పింది.

ఈ రెండు పనులనూ ప్రక్కప్రక్కనే పెట్టి చూడండి. పెద్దల ఆజ్ఞలో ఒక సగాన్ని ఆమె ధిక్కరించింది, రెండవ సగానికి లోబడింది. చనిపోయినవాని మీద చెయ్యి వేయమంటే వేయనంది. తన గొంతు నొక్కుకోమంటే నొక్కుకుంది. క్షమాపణ పొందిన మనిషికి శిక్ష వేయటం కంటే తాను శిక్ష భరించటం మేలనుకుంది. నెలనెలా స్వీకరించే సత్ప్రసాదం కూడా మానుకున్నామని ఆమే తరువాత వ్రాసుకుంది. పాట ఆమెకు ఒక అలంకారమైతే ఈ శిక్ష పెద్ద శిక్ష కాదు. కాని ఆమె దగ్గరనుండి పాట తీసివేయటమంటే ఏమిటో తెలియాలంటే, మీరు నాతో కొంచెం వెనక్కి రావాలి.

హిల్డెగార్డమ్మ 1098లో పుట్టింది. ఉన్నత వంశం, పదవ సంతానం అని చెబుతారు. పంటలో పదవ భాగం దేవునికి ఇచ్చినట్టు పదవ బిడ్డను దేవునికి ఇచ్చారట ఆ తల్లిదండ్రులు. 1112లో, సకల పునీతుల పండుగనాడు, నవంబరు 1న, ఆమెను డిసిబోడెన్‌బెర్గ్ అనే కొండ మీది మఠంలో ఉంచారు. అది పురుషుల మఠం. దాని ప్రక్కన ఒక చిన్న గది కట్టి, యుట్టా అనే భక్తురాలితో కలిపి ఈ పద్నాలుగేళ్ళ పిల్లను లోపల పెట్టారు. బయటి లోకానికి తలుపు మూసివేశారు. మనకు వినటానికే ఊపిరి ఆడనట్టుంటుంది. ఆ గదిలో యుట్టా ఆమెకు కీర్తనల గ్రంథం చదవటం నేర్పింది. ఇంకా పది తంతుల వాద్యం మీద కీర్తనలు పాడుకోవటం నేర్పింది. ఆమె బడి అంతే. పెద్ద చదువులు చదివిన పురుషుల లోకంలో తాను చదువులేని ఆడదాన్నని ఆమె జీవితాంతం చెప్పుకుంటూనే వచ్చింది.

1136లో యుట్టా మరణించింది. మిగిలిన సోదరీమణులు హిల్డెగార్డమ్మను తమ పెద్దగా ఎన్నుకున్నారు. 1141లో, 42 ఏళ్ళ వయసులో, తాను చూచిన దర్శనాలను వ్రాయమని దేవుడు ఆజ్ఞాపిస్తున్నాడని ఆమె గ్రహించింది. చిన్నప్పటినుంచీ దర్శనాలు చూచేది గాని ఎవరికీ చెప్పటానికి జంకేది. వ్రాయటానికీ భయపడి జబ్బుపడింది. చివరికి వోల్మార్ అనే సన్యాసి సహాయంతో మొదలుపెట్టి పదేళ్ళు వ్రాసింది. ఆ గ్రంథం పేరు స్కివియాస్. 1147-48లో ట్రియర్ పట్టణంలో పెద్దల సభ జరిగినప్పుడు మూడవ యూజీనియస్ పోపు గారు ఆ వ్రాతలు చూసి, వ్రాస్తూ ఉండమని ప్రోత్సహించారు. ఆ రోజుల్లో ఒక స్త్రీకి అది చిన్న విషయం కాదు.

పేరు వచ్చింది, జనం వచ్చారు, కానుకలు వచ్చాయి. అప్పుడామె మేము వేరే చోటికి పోయి సొంత మఠం కట్టుకుంటాం అన్నది. డిసిబోడెన్‌బెర్గ్ మఠాధిపతి కూనో ఒప్పుకోలేదు. ఎలా ఒప్పుకుంటాడు? ఆమెతోపాటు పేరూ, కట్నకానుకల భూములూ పోతాయి కదా. ఆమె మంచం పట్టింది, రాయిలా కదలలేకపోయింది. స్వయంగా వచ్చి ఆమె తల ఎత్తబోయి, ఎత్తలేక, ఆయన లొంగిపోయాడని చరిత్ర. 1150లో ఇంచుమించు ఇరవైమంది కన్యస్త్రీలతో ఆమె రూపెర్ట్స్‌బెర్గ్ చేరింది. మొదట్లో అక్కడ చెప్పుకోదగ్గ ఇల్లు కూడా లేదు. ధనిక కుటుంబాల బిడ్డలు, కష్టం తెలియనివారు, కొందరు సణుగుకొని వెళ్ళిపోయారు కూడా.

ఆ కొండమీదనే ఆమె పాటలు ఒక గ్రంథంగా కూడాయి. మొత్తం 77 పాటలు, దానికి తోడు ఆర్డో విర్టూటుమ్ అనే సంగీత నాటకం. 12వ శతాబ్దపు పాటలు కట్టినవారిలో చాలామంది పేర్లు కూడా మనకు తెలియవు. ఆమె పాటలు మాత్రం మాటలతో, స్వరాలతో, ఆమె పేరుతో సహా మిగిలి ఉన్నాయి. స్వరాలు వ్రాయటం గాని, పాడటం గాని తనకు ఎవరూ నేర్పలేదని ఆమె అంటుంది. కీర్తనల మధ్య రాత్రింబవళ్ళు పెరిగిన పిల్లకు వేరే గురువు ఎందుకని నాకనిపిస్తుంది. చెవి నేర్చుకుంది, ఆత్మ కట్టింది.

ఆ పాట ఎలా ఉంటుందో మాటల్లో చెప్పటం కష్టం, అయినా ప్రయత్నిస్తాను. ప్రక్కవాద్యం అక్కరలేదు. మన పాటల్లోలాగ తాళం లెక్క లేదు. అందరూ ఒకే వరుస పాడతారు. ఆ వరుస మామూలు గుడి పాటల వరుసలా ఇంటి ముంగిట నడిచినట్టు సాగదు. చాలా పాటలు షడ్జమం దగ్గర మొదలై ఒక్క గంతులో పంచమానికి, అక్కడినుంచి పై షడ్జమానికి లేస్తాయి. మీకు సంగీతం కొంచెం తెలిసి ఉంటే స, ప, పై స అని పాడి చూడండి, అర్థమవుతుంది. కొన్ని పాటలు రెండు స్థాయిలకు మించి పైకీ క్రిందికీ తిరుగుతాయి. ఒక్క అక్షరాన్ని పట్టుకొని పదుల స్వరాలు సాగుతాయి, మన ఆలాపనలాగా. ఊపిరి చాలదు. ఊపిరి పట్టాలంటే ఒకరి ఊపిరి ఇంకొకరికి కలవాలి. కొండ మీద ఇరవైమంది స్త్రీలు కలిసి ఊపిరి తీయటం నేర్చుకున్నారు. ఆ మఠం అంటే అసలు అదే.

ఆ నాటకం సంగతి ఒకటి చెప్పకుండా ఉండలేను. అందులో ఒక ఆత్మ ఉంటుంది. వినయం, ప్రేమ, భయభక్తులు, ఓర్పు మొదలైన సద్గుణాలు మనుషుల రూపంలో వచ్చి ఆ ఆత్మను దేవుని వైపు పిలుస్తాయి. సైతాను దానిని తన వైపు లాగుతుంటాడు. సద్గుణాలు పాడతాయి. ఆత్మ కూడా పాడుతుంది, పడిపోయి ఏడ్చేటప్పుడు సహితం పాడుతుంది. సైతానుకు మాత్రం ఒక్క స్వరం కూడా ఇవ్వలేదు హిల్డెగార్డమ్మ. వాడు అరుస్తాడు, అంతే. వాడికి పాట రాదు. ఇంతకంటే తేలికగా, ఇంతకంటే లోతుగా సైతాను ఎవడో చెప్పిన ఉపదేశం నేను వినలేదు. ఎవరి మనసులోనైతే ఎదుటివాని గొంతుతో తన గొంతు కలపటానికి చోటు లేదో, వాడు మాట్లాడగలడు, వాదించగలడు, బెదిరించగలడు, పాడలేడు.

అయితే ఆమెను ఆకాశానికెత్తి మీకు చూపించటం నా ఉద్దేశం కాదు. ఒక మచ్చ గురించి కూడా చెప్పాలి. ఆండెర్నాఖ్ అనే చోట ఇంకొక మఠానికి పెద్దయైన టెంగ్స్‌విచ్ అనే ఆవిడ హిల్డెగార్డమ్మకు ఒక లేఖ వ్రాసింది. మర్యాదగానే వ్రాసింది, కాని పదునుగా వ్రాసింది. మీ కన్యస్త్రీలు పండుగ రోజుల్లో జుట్టు విరబోసుకొని, తెల్లని పట్టు ముసుగులు, కిరీటాలు పెట్టుకొని పాడతారట కదా అని అడిగింది. అది సరే. మీ మఠంలో గొప్ప కుటుంబాల పిల్లలనే చేర్చుకుంటారట, పేదవారిని రానివ్వరట, మన ప్రభువు జాలరులను పిలుచుకున్నాడు కదా అని కూడా అడిగింది. దానికి హిల్డెగార్డమ్మ ఇచ్చిన జవాబులో, రకరకాల పశువులను ఒకే కొట్టంలో కట్టరు కదా అన్న భావం ఉంది. మీకూ నాకూ ఈ జవాబు మింగుడుపడదు. పడకూడదు కూడా. ఒకే బావి నీళ్ళు త్రాగనివ్వని ఊళ్ళలో, ఒకే గుడిలో రెండు వరుసలుగా కూర్చున్న విచారణలలో పెరిగినవారికి ఆ మాట వెనుక ఏముందో వేరే చెప్పనక్కరలేదు. దేవదూతల పాట విన్న చెవి ప్రక్క ఊరి పేదపిల్ల గొంతును వినలేకపోయింది. ఆనాడు టెంగ్స్‌విచ్ అడిగిన ప్రశ్నే సువార్త ప్రశ్న. పునీతులు సహితం తమ కాలపు గోడల లోపలే కొన్నిసార్లు ఆగిపోతారు. ఆ గోడను మనం పునీతత్వమని అనుకోనక్కరలేదు.

మళ్ళీ 1178కి వద్దాం. గుడిలో గంట లేదు. పాట లేదు. పెదవులు కదులుతున్నాయి గాని శబ్దం లేదు. 137వ కీర్తనలోని స్త్రీలు వాళ్ళు.

మీలో చాలామందికి ఈ నిశ్శబ్దం తెలుసు. 2020 మార్చిలో దేశమంతా మూతపడింది. ఆ సంవత్సరం మ్రానికొమ్మల ఆదివారం కొమ్మలు లేవు, ఏప్రిల్ 12న ఈస్టరు పండుగనాడు గుడి తలుపులకు తాళాలు. ఫోను తెర మీద గురువు ఒక్కరే దివ్యపూజ చేస్తుంటే ఇంట్లో కూర్చుని మీరు అల్లేలూయా పాడబోయారు. నలుగురి గొంతు ఎంత పలచగా వినబడిందో గుర్తుందా? ప్రక్కింటివారు వింటారేమోనని సిగ్గుపడి ఆపేసినవారూ ఉన్నారు. ఆ రోజుల్లో ఎందరినో పాట లేకుండా, ప్రార్థన లేకుండా, చివరికి అయినవారు లేకుండా పాతిపెట్టవలసి వచ్చింది. జబ్బు మూలంగా వచ్చిన నిశ్శబ్దం వేరు, మనుషుల ఆజ్ఞ మూలంగా వచ్చిన నిశ్శబ్దం వేరు. అయినా గొంతులో అడ్డుపడే ముద్ద ఒకటే.

ఆ ముద్దతో హిల్డెగార్డమ్మ కలం పట్టింది. మైన్జ్ పెద్దలకు ఒక లేఖ వ్రాసింది. ఆమె వ్రాసిన ఉత్తరాలు దాదాపు 400 మనకు మిగిలాయి. పోపులకు వ్రాసింది, ఫ్రెడరిక్ బార్బరోస్సా చక్రవర్తికి వ్రాసింది, ఆయన తప్పు చేసినప్పుడు తప్పని వ్రాసింది. వాటన్నిటిలోనూ ఈ ఒక్క లేఖను మీరు గుర్తుపెట్టుకుంటే చాలు. అందులో ఆమె శవం గురించి తక్కువ మాట్లాడింది, పాట గురించి ఎక్కువ మాట్లాడింది. దాని సారం నా మాటల్లో చెబుతాను.

పాపం చేయకముందు ఆదాముకు దేవదూతలతో కలిసి పాడే గొంతు ఉండేదట. పాపంతో ఆ గొంతు పోయింది. మేల్కొన్నవానికి కల మరుపుకు వచ్చినట్టు ఆ పాట మరుపుకు వచ్చింది. దేవుడు ప్రవక్తలను పంపి, వారిచేత కీర్తనలు కట్టించి, వాద్యాలు చేయించాడు. దేనికి? పోయిన పాట మనకు జ్ఞాపకం రావటానికి. ఎప్పుడైనా మంచి పాట విన్నప్పుడు మీరు కారణం లేకుండా నిట్టూర్చారా, కంట నీరు తిరిగిందా? ఆ నిట్టూర్పు ఆత్మ తన పుట్టినిల్లు జ్ఞాపకం చేసుకోవటమే అంటుంది హిల్డెగార్డమ్మ. మనుషులు అలా జ్ఞాపకం చేసుకొని దేవుని వైపు తిరగటం చూసి సైతానుకు గుబులు పుట్టింది. అందుకే వాడు ఎక్కడ పాట ఉంటే అక్కడ చెరుపుతాడు, కలతలు రేపుతాడు, మనుషుల హృదయాలలోనే కాదు, తిరుసభ నోటిలో కూడా చొరబడి పాట ఆపిస్తాడు.

తరువాత అసలు మాట. కాబట్టి పాడేవారి నోరు మూయించే అధికారం ఉన్న పెద్దలారా, బాగా విచారించి, న్యాయం కోసమే చేస్తున్నామా, లేక కోపంతో పగతో చేస్తున్నామా అని చూసుకోండి. తగిన కారణం లేకుండా భూమి మీద దేవుని స్తుతిని ఆపించినవారికి పరలోకంలో దేవదూతల స్తుతిలో చోటుండదు. 80 ఏళ్ళ ముసలి స్త్రీ తన పైవారికి ఈ మాటలు వ్రాసింది. వ్రాసి ఊరుకోలేదు. అంత వయసులో మైన్జ్‌కు వెళ్ళి, తన దర్శనం వ్రాసిన కాగితాలు వారి ముందు పెట్టి, కన్నీళ్ళతో అడిగింది. వారి మనసు కరగలేదు.

ఇక్కడ కొంచెం ఆగుదాం, ఎందుకంటే ఆ సమాధి మనకు దూరంగా లేదు. చనిపోయిన మనిషి సంఘానికి చందా బాకీ ఉన్నాడనో, వేరొక సంఘంలో పెండ్లి చేసుకున్నాడనో, కులం కానివాళ్ళింటికి పిల్లనిచ్చాడనో, సమాధుల తోట తాళం తీయకుండా శవాన్ని గేటు బయట ఉంచిన సంగతులు మీరు వినలేదా? ఆడవాళ్ళు ఎండలో కూర్చుని ఏడుస్తుంటే లోపల పెద్దలు రశీదు పుస్తకాలు తిరగేస్తుంటారు. నియమాలు ఉండవద్దని నేననటం లేదు. తోటకు గోడ కావాలి, గోడకు గేటూ కావాలి. కాని దేవుడు క్షమించినవాని విషయంలో మన తాళం చెవి ఏపాటిది? మైన్జ్ పెద్దలు చెడ్డవారు కారు. వారు నియమం పాటించారు. ఆ మనిషి మరణించేటప్పుడు ఏం జరిగిందో అడిగి తెలుసుకోలేదు, అంతే. మీరు సంఘ పెద్దలైతే, రాత్రి నిద్రపోయే ముందు ఆ ఒక్క ప్రశ్న అడగటం అలవాటు చేసుకోండి. ఏం జరిగిందో నేను అడిగానా?

అడిగినవారు చివరికి ఒకరు దొరికారు. కొలోన్ అగ్రపీఠాధిపతి ఫిలిప్ గారు ఆమె తరఫున మైన్జ్‌కు వచ్చారు. తనతో ఒక యోధుని తీసుకొని వచ్చారు. ఆ చనిపోయినవాడూ నేనూ ఒకే సమయంలో, ఒకే గురువు చేత వెలి నుండి విడిపించబడ్డాము అని ఆ యోధుడు సాక్ష్యం చెప్పాడు. అంతటితో అయిపోవలసింది. కాని మైన్జ్ అగ్రపీఠాధిపతి క్రిస్టియన్ గారు అప్పుడు ఇటలీలో ఉన్నారు, అక్కడినుంచి నిషేధం కొనసాగించమని మళ్ళీ ఆజ్ఞ వచ్చింది. ఆమె ఆయనకూ వ్రాసింది. విషయమంతా తెలిసిన తరువాత ఆయన నిషేధం ఎత్తివేశారు, తెలియక మీకు కలిగిన బాధకు మన్నించమని కోరారు. అది 1179 మార్చి నెల.

రూపెర్ట్స్‌బెర్గ్‌లో గంట మ్రోగింది. కన్యస్త్రీలు మళ్ళీ పాడారు. ఆ సాయంకాలం వాళ్ళ గొంతులు ఎలా ఉండి ఉంటాయో మీరే ఊహించుకోండి. నెలల తరబడి పాడని గొంతు బొంగురు పోతుంది. పై షడ్జమం అందదు. అయినా పాడి ఉంటారు. ఆరు నెలలు గడిచాయి. సెప్టెంబరు 17న హిల్డెగార్డమ్మ ప్రభువునందు నిద్రించింది. తన బిడ్డల పాట వింటూనే వెళ్ళింది.

ఆ పాటల తరువాతి ప్రయాణం కూడా చిన్నది కాదు. ఆమె వ్రాతలన్నిటినీ, పాటలతో సహా, ఒక మహాగ్రంథంగా కూర్చారు. 481 ఆకులు, దాదాపు 15 కిలోల బరువు. 1632లో ముప్పై ఏళ్ళ యుద్ధంలో స్వీడన్ సైన్యం రూపెర్ట్స్‌బెర్గ్ మఠాన్ని కాల్చివేసింది. కన్యస్త్రీలు గ్రంథాన్ని కాపాడుకున్నారు. 19వ శతాబ్దం మొదట్లో ప్రభుత్వాలు మఠాలను రద్దుచేసినప్పుడు, నది అవతల ఐబింగెన్‌లో ఆమె స్థాపించిన రెండవ మఠం కూడా మూతపడింది, గ్రంథం వీస్‌బాడెన్ గ్రంథాలయానికి చేరింది. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు భయపడి దానిని డ్రెస్డెన్ నగరంలో ఒక బ్యాంకు ఖజానాలో దాచారు. 1945 ఫిబ్రవరిలో ఆ నగరమే బూడిదయింది. ఖజానా నిలిచింది. దానితోపాటు దాచిన స్కివియాస్ బొమ్మల ప్రతి మాత్రం యుద్ధం తరువాత కనిపించకుండా పోయింది. 1927 నుంచి 1933 వరకు ఐబింగెన్ కన్యస్త్రీలు కూర్చుని దానికి చేత్తో ఒక నకలు చేసి ఉండబట్టి ఆ రంగులు మనకు దక్కాయి. మహాగ్రంథం సోవియట్ ఏలుబడిలో చిక్కుకుంది. మార్గరెటె క్యూన్ అనే పండితురాలు చదువుకోవటానికని అడిగి దానిని బెర్లిన్‌కు తెప్పించింది. 1948లో ఒక అమెరికన్ అధికారి భార్య దానిని పడమటికి మోసుకొచ్చింది. ఇది న్యాయమా అని అడిగితే నేను జవాబు చెప్పలేను. ఇద్దరూ స్త్రీలు అని మాత్రం చెప్పగలను.

పుస్తకం ఉంది గాని పాడేవారు తక్కువ. 1982లో ఇంగ్లండులో గోతిక్ వాయిసెస్ అనే బృందం క్రిస్టఫర్ పేజ్ గారి నడిపింపులో ఆమె పాటలతో ఒక రికార్డు తెచ్చింది. ఇలాంటి పాత గుడి పాటలు ఎవరు కొంటారు అనుకున్నారు. లోకమంతా కొన్నది. సెక్వెన్షియా అనే మరొక బృందం, ముఖ్యంగా బార్బరా థోర్న్‌టన్ అనే గాయని, ఆమె పాటలన్నిటినీ రికార్డు చేయటానికి పూనుకున్నారు. ఈ రోజున గుడికి వెళ్ళనివారు, దేవుని నమ్మనివారు సహితం ఆసుపత్రి మంచం మీద, ప్రయాణంలో ఆమె పాట వింటున్నారు. ఆమె చెప్పిన ఆ నిట్టూర్పు వారికీ కలుగుతూ ఉండవచ్చు.

తిరుసభ కూడా ఆలస్యంగానే తన ముద్ర వేసింది. 2012 మే 10న 16వ బెనెడిక్టు పోపు గారు ఆమె పునీతురాలని సార్వత్రిక తిరుసభకు ప్రకటించారు. అదే సంవత్సరం అక్టోబరు 7న ఆమెను తిరుసభ పండితురాలిగా ప్రకటించారు. ఆ బిరుదు అప్పటికి ముగ్గురు స్త్రీలకే ఉంది: అవిలాపురి తెరేజమ్మ, సియెనాపురి కతరీనమ్మ, లిస్యూ చిన్న తెరేజమ్మ. చదువులేని ఆడదాన్నని చెప్పుకున్న ఆమె నాలుగవది. 2021లో ఫ్రాన్సిస్ పోపు గారు ఆమె స్మరణను సెప్టెంబరు 17న ప్రపంచమంతటి పూజా పంచాంగంలో చేర్చారు. ఆంగ్లికన్, లూథరన్ సహోదరులు కూడా అదే రోజున ఆమెను స్మరిస్తారు. తిరుసభలో మనం విడిపోయిన చోట్ల ఆమె పాట విడిపోలేదు.

ఇప్పుడు మీ దగ్గరకు వస్తాను. మీ గుడిలో ఎవరు పాడటం మానేశారో ఒకసారి చూడండి. కీబోర్డు వచ్చాక, సౌండు పెట్టెలు పెరిగాక, పాత కీర్తనల వరుసలన్నీ నోటికి వచ్చిన ముసలమ్మ ఒకామె వెనుక వరుసలో నోరు మూసుకొని కూర్చుంటోందేమో. పిల్లలు వేగంగా పాడతారు, ఆమె అందుకోలేదు. ఎవరూ ఆజ్ఞ ఇవ్వలేదు, అయినా ఆమె మీద నిషేధం అమలవుతోంది. గొంతు బాగాలేదని గాయక బృందం నుంచి పంపించివేసిన పిల్లవాడున్నాడు. భర్త పోయాక పండుగ పాట పాడితే లోకులేమంటారోనని పెదవులు బిగబట్టుకున్న సోదరి ఉంది. తన బిడ్డను గేటు బయట పాతిపెట్టుకొని గుడికి రావటమే మానివేసిన తండ్రి ఉన్నాడు. వచ్చే ఆదివారం వాళ్ళ ప్రక్కన కూర్చోండి. ముసలమ్మకు వచ్చిన వరుసలోనే, ఆమె వేగంతోనే ఒక్క పాట మొదలుపెట్టమనండి. గాయక బృందం కాసేపు ఆగి ఆమెను అనుసరించవచ్చు, ఏమీ పోదు.

ఇక మీ పాటే ఆగిపోయి ఉంటే, పౌలు సీలలు చెరసాలలో నడిరాత్రి పాడినట్టు పాడలేకపోతే, బలవంతంగా పాడవద్దు. హిల్డెగార్డమ్మ తన బిడ్డలు ప్రార్థనను మెల్లగా చదువుకొనేటట్టు చేసింది. పాడలేనప్పుడు చదవండి. చదవలేనప్పుడు ప్రక్కవారిచేత చదివించుకొని వినండి. పోయిన పాటను ఇవ్వగలవారి దగ్గరకు వెళ్ళి, కన్నీళ్ళతోనైనా సరే, అడగండి. మొదటిసారి ఇవ్వకపోతే రెండవసారి వ్రాయండి.

ఐబింగెన్‌లో 1904లో మళ్ళీ కన్యస్త్రీలు కాపురమున్నారు. 1941లో నాజీలు వాళ్ళను వెళ్ళగొట్టారు. 1945లో తిరిగి వచ్చారు. ద్రాక్షతోటల మధ్య ఆ మఠంలో ఈ రోజు కూడా సాయంకాల ప్రార్థన పాడతారు.

మనం కన్నులు మూసుకొందాం. ప్రభువా, ఈ ఘడియలో గుడి గేటు బయట నిలబడి ఉన్నవారిని జ్ఞాపకం చేసుకొనండి. తాళం చెవులు చేతిలో ఉన్నవారిని జ్ఞాపకం చేసుకొనండి. ఈ రాత్రి పాడలేక పడుకొన్నవారి ప్రక్కన మీరు కూర్చొనండి. మా ప్రభువైన యేసుక్రీస్తు ద్వారా ఈ మనవులు ఆలకించండి. ఆమెన్.